వలిసెలు పూసే వేళ గెంతుడు సాలీళ్ల వెంట: కంబాలకొండ నుంచి అరకు దాకా

కార్తీకం సగం దాటింది. వానలు వెనకబట్టాయి, ఆకులింకా పచ్చగానే ఉన్నాయి, చిన్న పురుగులకు కొదవ లేదు. తూర్పు కనుమల్లో గెంతుడు సాలీళ్లను దగ్గరగా ఫోటో తీయడానికి ఇవే మంచి రోజులు. నడివానలో వెళితే ఫ్లాషూ లెన్సూ తడుస్తాయి. మార్చి దాటాక వెళితే పొదలు ఎండిపోయి వెతుకులాట రెట్టింపవుతుంది.

గెంతుడు సాలీడు గూడు అల్లి ఎర కోసం కాచుకోదు. చూసి, మాటు వేసి, దూకి పడుతుంది. సాల్టిసిడే అనే ఈ కుటుంబంలో ఆరు వేలకు పైగా జాతులున్నాయి. సాలీళ్ల కుటుంబాల్లో ఇదే అన్నిటికన్నా పెద్దది. మన వైపు కనిపించేవి చాలామటుకు 4 నుంచి 12 మిల్లీమీటర్ల పొడవుంటాయి. ఎనిమిది కళ్లలో ముందున్న రెండు కారు హెడ్‌లైట్లలా పెద్దవి, మనిషి వైపు తిరిగి చూసేది వాటితోనే. ఫోటోకి ప్రాణం ఆ చూపే. ఈ ఐదు రోజుల తిరుగుడంతా దానికోసమే.

నవంబరు 11, మంగళవారం. విశాఖ, కంబాలకొండ

తొలి సాలీళ్లు అడవిలో దొరకలేదు, దిగిన గది బాల్కనీ గోడ మీదే కనబడ్డాయి. నల్లటి ఒంటి మీద తెల్ల చారలున్న మగ ప్లెక్సిప్పస్ పేకుల్లీ ఒకటి, గోడ రంగులో కలిసిపోయే బూడిదరంగు మెనెమెరస్ రెండు. రాత్రి ట్యూబ్‌లైటు చుట్టూ మూగిన పురుగుల్లో కిందపడ్డవి పొద్దున్న వీటికి ఆహారం. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడవికి పోకముందు ఇంటి గోడ మీద వారం రోజులు చెయ్యి తిప్పుకోవడం మేలు. గోడ గాలికి ఊగదు, వెనక రంగు మారదు, తప్పెక్కడ జరుగుతోందో తెలిసిపోతుంది.

విశాఖలో మొదటి చిక్కు తేమతో వచ్చింది. ఏసీ గదిలోంచి కెమెరా తీసి బయటికి రాగానే లెన్సు మీద పొగమంచులా తేమ పట్టేసింది. గుడ్డతో తుడిస్తే మళ్లీ పడుతుంది, పైగా గీతలు పడే ప్రమాదం. బ్యాగు జిప్పు తీయకుండా అరగంట ముందే బాల్కనీలో పెట్టేస్తే లోపలి గాజు మెల్లగా బయటి వేడికి అలవాటు పడుతుంది. ఆ రోజు ఇరవై నిమిషాల మంచి ఎండ దీనికే పోయింది.

కంబాలకొండ జాతీయ రహదారిని ఆనుకునే ఉంటుంది. గేటు దగ్గర మనిషికి టిక్కెట్టు, కెమెరాకి వేరే రుసుము. కార్తీకమాసం కాబట్టి ఉసిరి చెట్ల కింద వనభోజనాల సందడి. పులిహోర, దద్దోజనం, చక్రపొంగలి తెచ్చుకున్న కుటుంబాలు పరిచయం లేకపోయినా విస్తరి వేసి కూర్చోమంటాయి. కాదనడం మర్యాద కాదు. చింతపండు పులిహోరలో ఇంగువ కాస్త ఎక్కువ పడింది, అదే దాని అందం. జనం ఉన్నంతసేపు బాట పక్క పొదల్లో సాలీళ్లు కనిపించవు. రెండు మలుపులు దాటి లోపలికి వెళ్లాక, నడుం ఎత్తులో, ఎండా నీడా కలిసే చోట వెతకాలి. ఆకుల పైభాగం ఒకసారి, అడుగుభాగం ఒకసారి. కొన కాస్త ముడుచుకున్న ఆకు లోపల తెల్లటి పట్టు కనిపిస్తే అది దాని పడకగది.

ఇక్కడ సరంజామా సంగతి చెప్పాలి. క్రాప్ సెన్సర్ కెమెరా, 100 మిల్లీమీటర్ల మాక్రో లెన్సు, దాని మూతికి తగిలించే రేనాక్స్ డీసీఆర్ 250 అనే సైజు పెంచే అదనపు కటకం. ఒక్క మాక్రో లెన్సుతో ఒకటికి ఒకటి సైజు వస్తుంది, అంటే సాలీడు సెన్సరు మీద తన అసలు సైజులోనే పడుతుంది. అప్పుడు ఫ్రేము వెడల్పు 23 మిల్లీమీటర్లు, అందులో 5 మిల్లీమీటర్ల సాలీడు ఓ మూలన చుక్కలా ఉంటుంది. రేనాక్స్ తగిలిస్తే దాదాపు రెట్టింపు సైజు, ఫ్రేము 12 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. దానికి తగ్గ ఖరీదు ఫోకస్ లోతులో కట్టాలి. ఒకటికి ఒకటి దగ్గర ఎపర్చరు, అంటే వెలుగు వచ్చే రంధ్రం, ఎఫ్ 11లో ఉంటే సుమారు 0.9 మిల్లీమీటరు స్పష్టంగా వస్తుంది. రెట్టింపు దగ్గర ఎఫ్ 8లో అది పావు మిల్లీమీటరే, అంటే పోస్టుకార్డు మందం. ఇంకా మూసి ఎఫ్ 16, ఎఫ్ 22కి పోతే లోతు పెరుగుతుంది గానీ డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో వెలుగు చెదరడం వల్ల, వెంట్రుకలన్నీ మెత్తబడిపోతాయి. సైజు పెరిగేకొద్దీ అసలు ఎపర్చరు కూడా చిన్నదవుతుంది. లెన్సును కెమెరాకి దూరం జరిపే ట్యూబులతోనో బెలోస్‌తోనో సైజు పెంచితే, రెట్టింపు దగ్గర ఎఫ్ 8 పెట్టినా పనిచేసేది ఎఫ్ 24 లాగానే. కాబట్టి ఒకటికి ఒకటి అయితే ఎఫ్ 11, రెట్టింపు అయితే ఎఫ్ 5.6 నుంచి 8. అక్కడే ఆగాలి.

ఆ సాయంత్రం ఫోటోలు తెరిస్తే ఒక్కదానిలోనూ కళ్లు బాగాలేవు. పెద్ద కళ్ల మీద చిన్న, గట్టి తెల్లచుక్క, దాని చుట్టూ చీకటి. కారణం ఫ్లాష్ వెలుగును మెత్తబరిచే డిఫ్యూజర్. ఫ్లాష్ ముందు ఒక్క ట్రేసింగ్ పేపరు కట్టి ఉంది. సాలీడు కన్ను ఉబ్బెత్తు అద్దం లాంటిది, ఎదురుగా ఉన్న వెలుగు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారమే అందులో పడుతుంది. కాగితం ఒక్క పొరే అయితే ఫ్లాష్ నడిభాగం మండిపోయి అంచులు చీకటిగా మిగులుతాయి. దీన్ని కంప్యూటర్లో దిద్దలేం, వెలుగు దగ్గరే దిద్దాలి.

పూర్ణా మార్కెట్లో ప్యాకింగ్ సామాన్లమ్మే కొట్టుంది. గాజు గ్లాసులకు చుట్టే తెల్ల ఫోమ్ షీటు మీటరు ముక్క 40 రూపాయలు, తెల్ల చార్టు 10, నల్ల టేపు 20. కొట్టతను ఏం చేస్తామని అడిగాడు. ఫ్లాషుకి గొడుగు అంటే ఒక మిల్లీమీటరు మందం వద్దని, రెండు పొరలకు సరిపడా సన్నది కోసిచ్చాడు. చార్టుని గరాటులా చుట్టి ఫ్లాష్ తలకు టేపుతో బిగించాలి. గరాటు లోపల, తలకు 4 సెంటీమీటర్ల దూరంలో మొదటి పొర. అక్కడి నుంచి మరో 8 సెంటీమీటర్లు వదిలి, లెన్సు మూతి మీదుగా కిందికి వంగే చాపంలా రెండో పొర. రెండు పొరల మధ్య ఖాళీ ఉండటమే కీలకం. అంటించేస్తే రెండూ ఒక్క పొర కిందే లెక్క. రాత్రి గదిలో కందిపప్పు గింజని సాలీడు చేసి పరీక్షించాం. ఒక బద్దకు నూనె రాస్తే మెరుపు ఎలా పడుతుందో తెలిసిపోతుంది.

నవంబరు 12, బుధవారం. టైడా

రోడ్డు పక్క పాకలో నాలుగు ఇడ్లీలు, పల్లీ చట్నీ 30 రూపాయలు. చోడి అంబలి గ్లాసు 15, నంజుకోవడానికి పచ్చిమిరపకాయ, ఉల్లిపాయ. రాగుల్ని ఇక్కడ చోళ్లంటారు. ఎండలో మోకాళ్ల మీద కూర్చుని పనిచేసే రోజున కడుపులో చల్లగా నిలిచేది అదే.

రైలు పట్టాలకు ఎడమ పక్కన వెళ్లాల్సింది, కుడి బాట పట్టాం. అరగంట నడిచాక అది ఒక జీడిమామిడి తోటలో ఆగిపోయింది. తోట ఎవరిదో తెలియకుండా అడుగు పెట్టకూడదు. కంచె దగ్గరే నిలబడి పిలిస్తే ఒక ముసలమ్మ వచ్చింది. చుట్ట అడ్డపొగ పెట్టుకుని ఉంది. "ఏటి పోనాది బాబూ?" అంది. ఈ ప్రాంతంలో వంగి నేలకేసి చూసేవాణ్ని ఎవరైనా ముందు అడిగేది అదే. ఏదో పారేసుకున్నామనుకుని వాళ్లూ వంగి వెతుకుతారు. సాలీళ్లని చెప్పగానే కంచె తడిక తీసి, "మామిడి చెట్టు కాడికి ఎల్లకండి, సీమలు కరస్తాయి" అంది.

మాకు కావలసింది ఆ చీమలే. పచ్చి ఆకుల్ని పట్టుదారంతో కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలవి. వాటి మధ్యే వాటి వేషం వేసుకు తిరిగే గెంతుడు సాలీడుంది, మిర్మప్లటా ప్లటాలియాయిడిస్. పాత పుస్తకాల్లో మిర్మరాక్నే అని ఉంటుంది. నడుం సన్నగా, మెడలాంటి నొక్కు, అదే ఎర్రమట్టి రంగు. ముందు జత కాళ్లు ఎత్తి మీసాల్లా ఊపుతుంది. మగదాని కోరలు ముందుకు ఎంత పొడుగ్గా సాగి ఉంటాయంటే, మరో చీమను నోట కరుచుకుపోతున్న చీమలా కనిపిస్తుంది.

గుర్తుపట్టడానికి కాళ్లు లెక్కపెట్టడం కంటే నడక చూడటం తేలిక. చీమ ఆగకుండా పోతుంది. ఇది రెండడుగులు వేసి ఆగుతుంది, తల తిప్పుతుంది. వేలు దగ్గరికి తెస్తే చీమ కరవడానికి మీదికి వస్తుంది, ఇది ఆకు వెనక్కి జారుకుంటుంది, ఇంకా దగ్గరికెళితే దారం వదులుతూ కిందికి దిగిపోతుంది. ఆ దారాన్ని పుల్లతో మెల్లగా అందుకుంటే సాలీడు దాంతోపాటే పైకి వస్తుంది. చెట్టుకు దూరంగా ఉన్న ఆకు మీద దించుకుని తీసి, మళ్లీ అదే కొమ్మ మీద వదలాలి. చీమల పక్కనే ఉండి తీయబోతే నిలవలేం. ప్యాంటు అంచుల్ని సాక్సుల్లోకి దోపుకున్నా మెడ మీద నాలుగు కాట్లు తప్పలేదు.

ఇది పక్క నుంచి తీస్తేనే అందం. ఎదురుగా తీస్తే చీమ వేషం కనిపించదు. పక్కనుంచి తీసేటప్పుడు కెమెరా సెన్సరు, సాలీడు ఒళ్లు ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అప్పుడు ఆ కాస్త లోతులోనే కోర కొస నుంచి పొట్ట చివర దాకా వచ్చేస్తుంది.

ముసలమ్మకి తెర మీద పెంచి చూపిస్తే చుట్ట తీసేసి రెండు చేతులతో కెమెరా పట్టుకుంది. "దీనికిన్ని కళ్లేటి!" అంది. వెళ్లేటప్పుడు డబ్బులిస్తే తీసుకోలేదు. జీడిపప్పు కొనమంది. పావుకిలో 200.

నవంబరు 13, గురువారం. అనంతగిరి, సుంకరమెట్ట

కాఫీ పళ్లు కోసే కాలం. సిల్వర్ ఓక్ చెట్ల నీడలో కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియాల తీగలు. తోటలోకి వెళ్లేముందు మేస్త్రీని అడిగి వెళ్లాం. ఆయన చెప్పింది రెండే ముక్కలు. కొమ్మలు ఊపకండి, పండిన కాయ రాలిపోతుంది. ఎండబెట్టిన కాయల మీద నడవకండి. కోసే ఆడవాళ్ల ఫోటోలు అడగకుండా తీయకూడదు. వాళ్లూ అడగకుండా మన సామాను ముట్టుకోరు. వాళ్లలో వాళ్లు ఆదివాసీ ఒడియా మాట్లాడుకుంటారు, మాతో తెలుగులో.

పొద్దున్న ఏడింటికి వెళ్లినా ప్రయోజనం లేదు. మంచు ఆరి ఆకుల మీద ఎండ పడేదాకా సాలీళ్లు పట్టుగూడు దాటి రావు. ఎనిమిదిన్నరకి మొదలై పదకొండున్నర దాకా జోరుగా తిరుగుతాయి. మధ్యాహ్నం కనుమరుగై మళ్లీ మూడింటి నుంచి ఐదింటి దాకా వస్తాయి. పొద్దున్నే లేచి చేయాల్సింది ఒక్కటే, పట్టుగూళ్లు ఎక్కడున్నాయో చూసి గుర్తుపెట్టుకోవడం. ఆకుల్ని విప్పి చూడకూడదు. లోపల తల్లి గుడ్లను కాచుకుంటూ ఉండొచ్చు. గూడు చిరిగితే గుడ్లు చీమల పాలు.

తొమ్మిదింటికి ఒక కాఫీ ఆకు అంచున టెలమోనియా డిమిడియాటా ఆడది వచ్చి కూర్చుంది. పది మిల్లీమీటర్లు. లేత పసుపు ఒళ్లు, పొట్ట మీద నిలువునా రెండు నారింజ చారలు, కళ్ల చుట్టూ తెల్లటి, ఎర్రటి నూగు. ఈ అమాయకపు సాలీడు పేరు మీదే 2002లో ఒక ఈమెయిల్ పుకారు ప్రపంచమంతా తిరిగింది, మరుగుదొడ్డి సీటు కింద దాక్కుని మనుషుల్ని చంపుతుందని. శుద్ధ అబద్ధం. చెయ్యి చాపితే అరచేతిలోకి నడిచి వస్తుంది.

దాని దగ్గర రెండు గంటలు గడిచాయి. అంతసేపు ఉండటంలోనే ఫలితముంది కాబట్టి వివరంగా చెబుతాను.

ముందు దూరం. మోచెయ్యి దూరం నుంచి జానెడు దూరానికి రావడానికి అయిదు నిమిషాలు పట్టాలి. చకచకా వస్తే ఆకు కిందికి పోతుంది. పక్క కళ్లు కదలికను పట్టడానికే ఉన్నాయి. అవి పట్టగానే సాలీడు ఒళ్లంతా తిప్పి పెద్ద కళ్లతో మనల్ని చూస్తుంది. అంటే కాస్త కదలిక కావాలి, ఎక్కువ వద్దు. ఎడమ చేతి చిటికెన వేలు లెన్సు పక్కన ఒక్కసారి ఆడిస్తే చాలు.

తరువాత పట్టు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు ఆకు తొడిమను పట్టుకుంటాయి, తుంచకుండా. లెన్సు ఆ మణికట్టు మీద ఆనుతుంది. ఇప్పుడు ఆకూ లెన్సూ ఒకే చేతి మీద ఉన్నాయి, గాలికి ఊగితే రెండూ కలిసి ఊగుతాయి. ఫోకస్ రింగు ముట్టుకోకూడదు. సైజు ముందే పెట్టేసి, నడుం నుంచి ముందుకూ వెనక్కూ వెంట్రుకవాసి ఊగుతూ కళ్లు స్పష్టమైన క్షణాన నొక్కాలి. ఆటోఫోకస్ ఇక్కడ పనికిరాదు. అది వెతుక్కునేలోపు పోస్టుకార్డు మందం దాటిపోతుంది.

వెలుగు: షట్టరు సెకనులో 200వ వంతు, ఐఎస్ఓ 200, ఫ్లాష్ మాన్యువల్‌లో 16వ వంతు శక్తి. ఆ శక్తి దగ్గర మెరుపు వ్యవధి సెకనులో పదివేలవ వంతు దరిదాపుల్లో ఉంటుంది కాబట్టి చెయ్యి వణుకు ఫోటోలో పడదు. కదలికను ఆపేది మెరుపే, షట్టరు పాత్ర తక్కువ. ఫుల్ పవర్ పెడితే మెరుపు పదిరెట్లు పొడుగై వెంట్రుకలన్నీ చెదురుతాయి. వెనక భాగం నల్లగా పోతోందంటే మెరుపు అక్కడి దాకా చేరడం లేదన్నమాట. సాలీడు వెనక ఎనిమిది సెంటీమీటర్ల దూరంలో మరో కాఫీ ఆకు వచ్చేలా నిలబడితే చాలు, నలుపు పోయి పచ్చదనం వస్తుంది.

ఆ తరువాత నీళ్లు. సూది తీసేసిన ఒక మిల్లీలీటరు సిరంజితో సాలీడు ముందు కందిగింజలో సగమంత చుక్క పెట్టాం. మంచినీళ్లే పెట్టాలి. కొందరు తేనె, చక్కెర నీళ్లు పెడతారు, అది నోటి నూగుకి అంటుకుని దానికి ఇబ్బంది. టెలమోనియా ఒక అడుగు వేసి, ముందు కాలితో తడిమి, వంగి తాగింది. నిమిషంన్నర కదల్లేదు. పన్నెండు ఫ్రేములు వరసగా, ఒక్కొక్కటి వెంట్రుకవాసి వెనక్కి జరుపుతూ. ఇలా వేర్వేరు చోట్ల ఫోకస్ అయిన ఫ్రేముల్ని ఒకటిగా కలపడమే స్టాకింగ్. స్టాకింగ్‌కి ఇంతకంటే మంచి అదను ఎర తింటున్నప్పుడు తప్ప దొరకదు.

సాలీడు కదలకుండా ఉండాలని ఫ్రిజ్‌లో పెట్టి తెచ్చేవాళ్లున్నారు, జిగురు పెట్టేవాళ్లూ ఉన్నారు. అలాంటి ఫోటో చూడగానే తెలిసిపోతుంది. కాళ్లు ఒంటి కిందికి ముడుచుకుని ఉంటాయి, ముందరి చిన్న చేతులు వాలిపోయి ఉంటాయి, కళ్లలో చూపుండదు. ఆ పని తప్పు. దానివల్ల వచ్చిన ఫోటో కూడా ఫోటో కాదు.

చూపు అంటే ఏమిటో ఆ పొద్దున్న ఎల్సీడీ మీద పెంచి చూశాం. ఒక ఫ్రేములో పెద్ద కళ్లు రెండూ కాటుకలా నల్లగా ఉన్నాయి. తరువాతి ఫ్రేములో, వెలుగు మారకుండానే, ఎడమ కన్ను సగం తేనెరంగు. ఆ పై ఫ్రేములో రెండూ తేనెరంగు, అంచున నల్ల నెలవంక. బయటి కటకం తలకు అతికి ఉంటుంది, కదలదు. దాని వెనక సన్నటి గొట్టం, గొట్టం చివర రెటీనా. ఆరు కండరాలు ఆ గొట్టాన్ని పక్కలకూ పైకీ కిందికీ తిప్పుతాయి. పెద్ద కళ్లకు ఒకేసారి కనిపించేది చాలా చిన్న ముక్కే, అందుకే ఎదుటివస్తువు మీద రెటీనాని చదువుతున్నట్టు జరుపుతూ పోతుంది. రెటీనా మన లెన్సుకి సూటిగా ఉన్నప్పుడు కన్ను నలుపు, పక్కకి పోయినప్పుడు లోపలి గోడ తేనెరంగుగా కనిపిస్తుంది. లేతరంగు సాలీళ్లలో ఇది మరీ స్పష్టం. అంటే కళ్లు నల్లగా ఉన్న ఫ్రేమే అది మనల్ని చూస్తున్న ఫ్రేము. కాబట్టి నొక్కడం ఆపకూడదు. ఫోకస్ కుదిరిన ప్రతిసారీ మూడు నాలుగు నొక్కాలి, ఏది నలుపో తరువాత తేలుతుంది.

పదకొండుకి అది డిఫ్యూజర్ మీదికి దూకింది. కంగారుపడి విదిలించకూడదు. అది దూకేముందే ఆకుకు దారం అంటించి ఉంటుంది, ఆ దారం మీదే తిరిగి వెళుతుంది. అలాగే వెళ్లింది.

కాయలు కోసే ఆవిడ ఒకామె అన్నం తినేవేళ మాకూ పిలుపిచ్చింది. అడ్డాకుల విస్తట్లో అన్నం, కందిపప్పు, ఎండుమిరపకాయ కాల్చి నలిపిన చింతపండు పచ్చడి. పచ్చడి ఘాటుకి కళ్లు చెమర్చాయి.

నవంబరు 14, శుక్రవారం. అరకు సంత, వలిసె పొలాలు

శుక్రవారం అరకు సంత. కొండచీపుర్లు, పసుపు కొమ్ములు, రాజ్మా, చింతపండు, పిప్పళ్లు, అల్లం. రాజ్మా కిలో 120కి బేరం తెగింది. గీచి గీచి బేరమాడితే ఇక్కడి అమ్మకందారులు వాదించరు, మాట్లాడకుండా మొహం తిప్పుకుంటారు. అది "ఇక చాలు" అన్నట్టే. సగానికి సగం తగ్గించమనడం సిగ్గుచేటు. కొండ దిగి ఆ బుట్ట మోసుకొచ్చిన దూరం తలచుకోవాలి.

మధ్యాహ్నం బొంగు చికెన్. వెదురు బొంగులో మాంసం కూరి, ఆకుతో మూతి బిగించి నిప్పుల మీద కాలుస్తారు, నూనె ఉండదు. అరకిలో 250. కార్తీకం పట్టినవాళ్లు పక్కన కూర్చుని మొక్కజొన్న పొత్తులు తిన్నారు.

నూనెగింజల పంట వలిసెలు నిండుగా పూశాయి. కొండల నడుమ పసుపు పరిచినట్టుంటుంది. పొలంలో అడుగు పెట్టడానికి రైతు మనిషికి 20 రూపాయలు తీసుకుంటాడు. ఇవ్వడం న్యాయం, ఫోటోల కోసం జనం తొక్కిన వరసలన్నీ అతని నష్టమే. మేం గట్టు దిగలేదు. పూల మీద ఉండేవి ఎక్కువగా పీతసాలీళ్లు. గెంతుడు సాలీళ్లు గట్టు గడ్డిలో ఉన్నాయి, హిల్లస్ సెమీక్యుప్రియస్. బరువైన ఒళ్లు, మందపాటి కాళ్లు, కళ్ల పైన కనుబొమల్లాంటి నూగు గుత్తులు. మనవైపు పొలాల్లోనూ కనిపిస్తుంది, వెతికితే గోదావరి జిల్లాల వరిగట్ల మీదా దొరుకుతుంది.

ఈ నూగు మొహానికి మెరుపు సూటిగా ఎదురుగా పడితే వెంట్రుకలన్నీ చప్పిడిగా పోతాయి. డిఫ్యూజర్‌ని కాస్త వెనక్కి జరిపి పైనుంచి పడేలా వంచాం. ప్రతి వెంట్రుకకీ కింద సన్నటి నీడ వచ్చి విడివిడిగా కనిపించింది. గాలి మాత్రం ఏడిపించింది. గడ్డిపోచను బట్టల క్లిప్పుతో పుల్లకి బిగించి, పుల్లను నేలలో గుచ్చితే ఆగింది. రెండు రూపాయల క్లిప్పు ఆ రోజు ట్రైపాడ్ కన్నా ఎక్కువ పనిచేసింది.

నవంబరు 15, శనివారం. అరకు

మంచు పదింటి దాకా వీడలేదు. ఒక గంటే పని. దడి పక్క ఆకుల మీద ఫింటెల్లా విట్టాటా, నాలుగైదు మిల్లీమీటర్లు, నల్లటి ఒంటి మీద వెండి నీలి పట్టీలు. ఈ మెరుపు రంగు పొలుసుల నుంచి వస్తుంది, వెలుగు కొంచెం ఎక్కువైనా తెల్లగా కాలిపోతుంది. ఫ్లాష్‌ని 32వ వంతుకి దించి, చీకటిగా అనిపించినా అలాగే తీసుకోవాలి. నీడల్ని తరువాత లేపుకోవచ్చు, కాలిన నీలాన్ని వెనక్కి తేలేం. మంచుకి ఫోమ్ ఏమీ కాలేదు. మొదటిరోజు ట్రేసింగ్ పేపరే అయితే అలలు తేలి ఉండేది.

ఇంటికొచ్చాక

మొత్తం 1,146 ఫ్రేములు. మొదటి వడపోత కళ్ల మీద ఫోకస్ ఉందా లేదా అని, రెండోది కళ్లు నల్లగా ఉన్నాయా అని. రెండూ దాటినవి 37. స్టాక్ కోసం తీసిన వరసలు 14, వాటిలో కుదిరినవి 5. తప్పినవన్నీ ఒక్క కారణానికే తప్పాయి. ఒళ్లు కదలకపోయినా నోటి పక్కనుండే చిన్న చేతులు ఆడుతూనే ఉంటాయి, కలిపాక అక్కడ నాలుగు దెయ్యపు నీడలు తేలతాయి. అలాంటప్పుడు ఆ భాగాన్ని ఒకే ఫ్రేములోంచి తెచ్చి అతకాలి. ఫ్రేములు కలిపే జెరీన్ స్టాకర్ సాఫ్ట్‌వేర్‌లో పీమ్యాక్స్ పద్ధతి అడ్డదిడ్డంగా ఉన్న వెంట్రుకల్ని బాగా కలుపుతుంది గానీ రంగుల్ని గరుకు చేస్తుంది. డీమ్యాప్ రంగుల్ని నున్నగా ఉంచి వెంట్రుకల దగ్గర తడబడుతుంది. రెండూ చేసి, మొహానికి ఒకటి, పొట్టకి ఒకటి వాడాం.

పేర్లు రాసేటప్పుడు తొందరపడకూడదు. చాలా గెంతుడు సాలీళ్లను జాతి దాకా చెప్పాలంటే జననాంగాలను మైక్రోస్కోపులో చూడాలి. టెలమోనియా, ప్లెక్సిప్పస్ లాంటి తేలికైనవి తప్ప మిగతావాటికి ప్రజాతి (జీనస్) పేరు రాసి ఆపాం. తేదీ, చోటు, ఏ మొక్క మీద ఉందో మాత్రం ప్రతి ఫైలుకీ రాసి పెట్టాం.

నీళ్లు తాగిన టెలమోనియా ఫ్రేముని నూరు శాతానికి పెంచితే కుడి కంటిలో డిఫ్యూజర్ మొత్తం కనిపిస్తుంది. మెత్తటి తెల్ల చాపం, దాని కింద కాఫీ ఆకు పచ్చదనం, చాపం నడుమ సన్నటి నల్లగీత. ఆ గీత పూర్ణా మార్కెట్ టేపు అతుకు. దాన్ని పీకేసి తెల్ల దారంతో కుట్టాం, ఆరు కుట్లు.